పిండిమరకు పోయే పని

మా ఇంట్లో మనిషికి జ్వరమొస్తే సాయంత్రానికి గానీ తెలియదు. మోటారు వేడెక్కితే మాత్రం నిమిషంలో అందరికీ తెలిసిపోతుంది. కోయంబత్తూరు తెలుగువాళ్ళలో పంపుసెట్లు చేసి బతికిన కుటుంబాలు చాలా ఉన్నాయి, మాదీ వాటిలో ఒకటి. మామగారు ఉన్న రోజుల్లోనే తోటలోని బావి మోటారును ఇంట్లో కూర్చుని ఫోను కొట్టి తిప్పేవారు. ఆయన కొడుకు, అంటే మా ఆయన, సూలూరు దారిలో ఉన్న మా ఫ్యాక్టరీలో, అలా ఫోను కొడితే మోటారును తిప్పే పెట్టెలే తయారుచేస్తాడు. ఏ కొత్త పెట్టె తయారైనా ముందు మా ఇంట్లో బిగించి, మా మీద పరీక్ష చేసి, ఆ తర్వాతే ఊరికి అమ్ముతాడు.

నా చేతిలోంచి మొదట పోయింది సిరువాణి నీళ్ళ పని, అంటే కొండ మీది డ్యాము నుంచి ఊరికి వదిలే తాగునీళ్ళు పట్టే పని. ఆ నీళ్ళు వచ్చిన రోజు గేటు దగ్గరికి పరుగెత్తి వాల్వు తిప్పాలి. వీధిలో ఆడవాళ్ళందరిదీ అదే పని గనక, సంపులు నిండేదాకా గేట్ల దగ్గర నిలబడి లోకం మొత్తం కడిగి ఆరేసేవాళ్ళం. మా ఆయన నీళ్ళు రాగానే తనంతట తానే తెరుచుకునే వాల్వు బిగించాడు. "ఇంకమీద నువ్వు పొయ్యే పనే లే," అన్నాడు. ప్రేమగానే అన్నాడు, నేనూ ప్రేమగానే విన్నాను. ఆ తర్వాత మేట్టుపాళయం నుంచి వీధిలోకి వచ్చే కూరగాయల బండి పోయి ఫోనులో నొక్కితే వచ్చే సంచి వచ్చింది. మందుల అంగడి పోయింది, పూల అంగడి పోయింది. ప్రతిసారీ అదే మాట, అదే ప్రేమ.

నన్నెవరూ ఇంట్లో పెట్టి తాళం వేయలేదు. అది ముందే చెప్పాలి, లేకపోతే మా ఆయన్ను రాక్షసుడనుకుంటారు. కానీ మా వైపు ఇళ్ళల్లో ఆడది గడప దాటాలంటే ఒక పని ఉండాలి. పని చేతిలో ఉంటే ఎంతసేపైనా తిరిగి రావచ్చు, ఎవరూ అడగరు. ఒకరోజు మధ్యాహ్నం ఊరికే, ఏ పనీ లేకుండా, వీధి చివరిదాకా నడిచొద్దామని గేటు తీశాను. గేటు మీది కెమెరా మా ఆయన గొంతుతో మాట్లాడింది. ఎక్కడికి, ఏమన్నా కావాలా, ఫ్యాక్టరీ నుంచి పంపిస్తాను అన్నాడు. ఏమీ వద్దని చెప్పి లోపలికి వచ్చేశాను. వీధి మధ్యలో దొంగలా దొరికిపోయినట్టు సిగ్గేసింది. ఎందుకు సిగ్గుపడ్డానా అని ఆ సాయంత్రమంతా నా మీద నాకే కోపం.

ఇంట్లో దీపాలకూ ఫ్యానుకూ మా తెలుగు అర్థం కాదు. ఇంగ్లీషులోనో తమిళంలోనో చెప్పాలి. మా అత్త వాటితో మాట్లాడనే మాట్లాడదు, గోడ దగ్గరికి లేచి వెళ్ళి స్విచ్చు నొక్కి వస్తుంది. అదంతా మొండితనమని మేము నవ్వుకునేవాళ్ళం.

అన్నీ పోయాక నాకు మిగిలింది పిండిమర ఒక్కటే. రెండు వీధుల అవతల ఉంటుంది. రాగులో, మురుకుల బియ్యమో డబ్బాలో పోసుకుని చంకన పెట్టుకుని పోతాను. ముందు ఎవరన్నా మిరపకాయలు ఆడించి ఉంటే వెంటనే మనవి పోయకూడదు, వాళ్ళూ వీళ్ళూ మామూలు బియ్యం ఆడించుకునేదాకా ఆగాలి. ఆగడమే నాకు కావలసింది. మర తిరుగుతుంటే ఫోను మోగినా వినపడదు. పక్కన కూర్చున్నవాళ్ళతో చెవిలో అరిచి మాట్లాడాలి, సగం అర్థం కాకపోయినా తల ఊపాలి. కనురెప్పల మీద పిండి పడుతుంది. వచ్చేటప్పుడు వెచ్చని డబ్బా నడుముకు ఆనుకుని ఉంటుంది. వారానికి ఒకసారి నేను ఎవరికీ కనపడకుండా, ఎవరికీ వినపడకుండా ఉన్న చోటు అది. అదొక్కటీ ఉంటే మిగతావన్నీ భరించగలననుకునేదాన్ని.

అందుకే మా ఆయన ఇంట్లో పెట్టుకునే పిండిమరను అట్టపెట్టెలోంచి బయటికి తీసిన రోజు, ఇక అదీ పోయిందనుకున్నాను. ముచ్చటగా, చిన్న బీరువాలా ఉంది. గుప్పెడు గోధుమలు పోసి, పిండి చేతిలోకి తీసుకుని, చూడు ఎంత మెత్తగా ఉందో అన్నాడు. ఇక ఆ మాట రాబోతోందని తెలిసి నేనే ముందు నోరు తెరిచాను.

"నాకు ఆ మిల్లుకు పొయ్యేది ఇష్టం," అన్నాను.

ఆయన ఆశ్చర్యపోయాడు. ఆ దుమ్ములో, ఆ మోతలో ఏముండాదని అడిగాడు. ఏం చెప్పను? అక్కడ మీరు లేరు, అదే ఉంది అని ఎలా చెప్పను? నడిచినట్టుంటుంది అన్నాను. ఆయన తల ఊపాడు. ఏదన్నా మోటారు మొరాయిస్తే పెట్టే ముఖం పెట్టాడు.

వారం తిరక్కుండా హాల్లో ట్రెడ్‌మిల్ దిగింది. దానికి ఇంత పెద్ద తెర. నడుస్తుంటే ఎక్కడిదో సముద్రపు ఒడ్డు, ఎవరిదో ఊరి వీధి మన ముందుకు వస్తూ ఉంటాయి. నా చేతికి ఒక గడియారం కూడా కట్టాడు. నేను ఎన్ని అడుగులు వేసింది ఫ్యాక్టరీలో ఆయన ఫోనుకు తెలుస్తుందట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా పని. ఆయన ముఖంలో సంతోషం చూసి వద్దనలేకపోయాను. ఆ సంతోషాన్ని చూస్తేనే ఒళ్ళు మండింది కూడా.

నడిచాను, ఏం చేస్తాను. అత్త కుర్చీలో కూర్చుని చూసేది. ఆమె ఎప్పుడూ ఏమీ అనదు. ఒక మధ్యాహ్నం మాత్రం లేచొచ్చి, పట్టీ మీద నుంచి నన్ను దిగమంది.

"ఎంత నడిచినా ఆ గోడకాడనే ఉండావే, అమ్మిణీ," అంది.

నా చేతి గడియారం విప్పి తన చేతికి కట్టుకుంది. నా ఫోను తీసి టీవీ పక్కన పెట్టింది. వంటింట్లోంచి రాగుల డబ్బా తెచ్చి నా చంకన పెట్టి, పెరటి తలుపు తీసింది. అటువైపు కెమెరా లేదు. అది పాత్రలు కడిగే చోటు, అక్కడికి ఎవరొస్తారని పెట్టలేదు. నేను నోరు తెరిచేలోపు ఆమె నేల మీద కూర్చుని చేట అందుకుని కందిపప్పు చెరగడం మొదలుపెట్టింది. చెయ్యి ఊగిన ప్రతిసారీ గడియారం ఒక అడుగు రాసుకుంటోంది.

ఆ రోజు మరలో మిరపకాయలు ఆడుతున్నాయి. ఎంతసేపైనా ఆగుతానని చెప్పి బల్ల మీద కూర్చున్నాను. ఘాటుకు తుమ్మాను, కళ్ళు తుడుచుకున్నాను, ఎవరో ఏదో అడిగితే తల ఊపాను. అంత హాయిగా నేను ఎప్పుడూ ఏడవలేదు. మిరపకాయల ఘాటుకేనని అందరూ అనుకున్నారు.

సాయంత్రం మా ఆయన ఫోను చూసుకుంటూ లోపలికి వచ్చి, ఈ పొద్దు బాగా నడిచినావే అని మెచ్చుకున్నాడు. అత్త పప్పు పోపు వేస్తోంది, వెనక్కి తిరిగి కూడా చూడలేదు. నాకు నవ్వొచ్చింది. ఆ వెనకే, మిల్లుకు పోయి రావడానికి, ఈ వయసులో, పెరటి తలుపు పట్టుకోవలసి వచ్చింది కదా అనిపించింది.

మరుసటి వారం మురుకుల బియ్యం నేనే డబ్బాలో పోసి పెట్టుకున్నాను. అత్త రాగానే, గడియారం విప్పి తను కట్టుకుంటుందని చెయ్యి ముందుకు చాపాను. ఆమె దాన్ని విప్పలేదు. కాస్త వదులుగా ఉందని నా చేతి మీదే పట్టీ ఒక బొక్క బిగించి, డబ్బా తన చంకన పెట్టుకుంది. చీర మార్చుకుని ఉంది. తల కూడా దువ్వుకుని ఉంది.

"ఈ సారి నేను పోతా," అంది.

"మీరెందుకత్తా? మోకాళ్ళ నొప్పి పెట్టుకుని, ఎండలో. నేనుండాను కదా, మీరు పొయ్యే పనే లే," అన్నాను.

అన్నాక ఆ మాట నా చెవికే వినపడింది.

అత్త నా వైపు చూసింది. కోపం లేదు ఆమె ముఖంలో.

"నువ్వు కాపురానికొచ్చిన మొదటి వారం కూడా ఇదే చెప్పినావు, అమ్మిణీ. ఈ డబ్బా నా చేతిలోనించి తీసుకుని, ఇట్లే, ప్రేమగా. ఆ పొద్దునించి నేను మిల్లు చూడలే."

పెరటి తలుపు తీసుకుని, ఒక చేత్తో గోడ పట్టుకుంటూ, మెట్టు దిగి వెళ్ళింది. వీధి మలుపు దాకా చూద్దామనుకున్నాను గానీ చూడలేదు. చూస్తే తలుపు దగ్గర ఇంకో కెమెరా నిలబడినట్టు ఉంటుందనిపించింది. లోపలికి వచ్చి ఆమె కూర్చున్న చోటే కూర్చుని, చేటలో పప్పు పోసుకుని చెరగడం మొదలుపెట్టాను. గడియారం నా అడుగులు లెక్కపెట్టుకుంటూ ఉంది.