చంద్రమ్మగారికి చదివి వినిపించిన సెలవు టపా

మొన్న మా అపార్ట్‌మెంటు లిఫ్టులో మూడో అంతస్తు ఆయన రెండు మొక్కలు పట్టుకుని ఎక్కాడు. నల్ల కవర్లలోంచి నీళ్ళు కారుతున్నాయి. తడిసిన ఎర్రమట్టీ, మాగిన పశువుల ఎరువూ కలిసిన వాసన మూడంతస్తులు ఎక్కేలోగా నన్ను కడియం తీసుకెళ్ళి దింపేసింది. ఆయన మొహమాటపడుతూ "సారీ అండీ, వాసన" అన్నాడు. "ఫర్వాలేదండీ, ఈ వాసనలో ఏడేళ్ళు ఉద్యోగం చేశాను" అన్నాను. ఆయన నా చొక్కా వైపు ఒకసారి చూసి గబగబా దిగిపోయాడు.

బీఎస్సీ బోటనీ పాసయ్యాక, రాజమండ్రిలో నా అవసరం ఎవరికీ పెద్దగా కనిపించకపోవడంతో, కడియంలో చంద్రమ్మగారి నర్సరీలో ఆఫీసు పనికి చేరాను. ఆవిడ చదివింది ఐదో తరగతి. భర్త పోయాక పదెకరాల నర్సరీని ఒంటిచేత్తో నడిపేది. మొక్క పాడైందని ఎవరొచ్చినా ఆవిడ అడిగేది ఒకటే ప్రశ్న. నేను చేరిన వారంలోనే పెద్దాపురం నుంచి ఒక రైతు సంచినిండా పండుటాకులు తెచ్చి బల్లమీద పోశాడు. "చూడండమ్మా, మీ నిమ్మ అంట్లు ఎలా అయిపోయాయో!" అన్నాడు. ఆవిడ ఆ ఆకులు ముట్టుకోలేదు. "వేరు తెచ్చారాండి?" అంది. తేలేదన్నాడు. "మజ్జిగ తాగి వెళ్ళి, ఒక మొక్క పీకి వేరుతో తీసుకురండి. తప్పు మాదైతే మొక్కలిస్తాను, మీదైతే మళ్ళీ మజ్జిగే ఇస్తాను" అంది. మర్నాడు ఆయనకి మజ్జిగే దక్కింది. బోటనీలో నాకు ఫస్టు క్లాసు వచ్చిన సంగతి ఆ తర్వాత ఆ ఆఫీసులో నేను ఎత్తలేదు.

ఆ రోజుల్లోనే తెలుగులో బ్లాగుల హడావిడి మొదలైంది. ఆఫీసుకి కంప్యూటరూ ఇంటర్నెట్టూ వచ్చాయి. లారీలు వెళ్ళిపోయాక నాకు బోలెడంత తీరిక. 'పచ్చగన్నేరు' అని మారుపేరు పెట్టుకుని, కడియం నర్సరీలో ఉద్యోగినని మాత్రం చెప్పుకుని, హాస్యం రాయడం మొదలుపెట్టాను. బ్లాగులో పెట్టే ఒక్కో రాతని టపా అనేవాళ్ళం. తెలుగు బ్లాగులన్నీ ఒకచోట కనిపించే పేజీలో నా టపా పైకి తేలినప్పుడల్లా, గోదావరికి వరదొస్తే గట్టుమీద నిలబడి చూసినట్టు చూసుకునేవాణ్ణి. సాయంత్రం నాలుగింటికి టీ తాగుతూ ప్రతి టపా చంద్రమ్మగారికి చదివి వినిపించేవాణ్ణి. ఆవిడ నవ్వేది కాదు. చివర్న "బాగుంది" అనేది. ఒక్కోసారి అదీ అనేది కాదు.

'కొత్త మొక్కకు చేయవలసిన మర్యాదలు' అని ఒక టపా రాశాను. అందులో మూడో మర్యాద ఇది: "కవరు చింపకండి. పాపం దూరప్రయాణం చేసి వచ్చింది, దుప్పటి లాగేస్తే జలుబు చేస్తుంది. కవరుతో సహా పాతేయండి." బ్లాగు మిత్రులు కడుపు పట్టుకుని నవ్వారు. నేను వినయంగా అందరికీ నెనర్లు, అంటే బ్లాగుల భాషలో ధన్యవాదాలు, చెప్పుకున్నాను. ఏడు నెలల తర్వాత ఆ టపా కింద రాయపూర్ నుంచి విజయలక్ష్మి అనే ఆవిడ ఒక వ్యాఖ్య రాసింది. ఎనిమిది సపోటా అంట్లు కొని, నేను చెప్పినట్టే కవర్లతో పాతిందట. ఆరు చచ్చిపోయాయి. "మీరు నర్సరీవారు కదా అని నమ్మానండీ" అని ముగించింది. తిట్టినా బాగుండేది.

ఆపైన తిట్టేవాళ్ళు వచ్చారు. పేరు చెప్పని అజ్ఞాతలు వచ్చి కడియం వాళ్ళంతా మోసగాళ్ళన్నారు. నా అభిమానులు వచ్చి, హాస్యం అర్థంకానివాళ్ళు బ్లాగులు చదవకూడదన్నారు. రెండు రోజుల్లో సంగతి సపోటాలు దాటి, ఎవరి కులం ఏమిటో ఊహించే దాకా పోయింది. ఇక ఉండలేననిపించింది. మా బ్లాగులోకంలో ఒక ఆచారం ఉండేది. మనసు నొచ్చుకున్నవాళ్ళు సెలవు టపా రాసేవాళ్ళు. దానికి వచ్చినన్ని వ్యాఖ్యలు ఇంకే టపాకీ రావు. "మీరు లేని బ్లాగులోకమా!" అని అందరూ కన్నీళ్ళు పెట్టుకుంటే, పదిరోజులాగి "మీ అభిమానం కట్టిపడేసింది" అని వెనక్కొచ్చేవాళ్ళు. నేను మాత్రం నిజంగానే వెళ్ళిపోదామనుకున్నాను. అయినా ఎందుకైనా మంచిదని, సెలవు టపా బాగా కరుణరసంతో రాసుకున్నాను.

నాలుగింటికి అదీ చదివి వినిపించాను. చివరి పేరాలో నా గొంతు నాకే నచ్చేంతగా వణికింది. చంద్రమ్మగారు టీ గ్లాసు కింద పెట్టింది.

"ఇది ఎవరికి రాశావయ్యా మూర్తీ?"

"పాఠకులకండి."

"మొక్కలు పోయినావిడకి ఏం రాశావ్?"

"ఇంకా ఏం రాయలేదండి."

"ఇంత పొడుగు కాయితం రాశావ్, ఆవిడకి ఒక్క ముక్క రాయలేదా! సరే, దాని కింద ఎంతమంది మాట్లాడారు?"

"నలభై ఏడు వ్యాఖ్యలండి."

"అందులో మొక్క పాతిందెవరు?"

"ఆవిడొక్కరేనండి."

"అయితే మిగతావి పక్కన పెట్టు. ఆవిడని ఒక మొక్క పీకి, వేరు ఫొటో తీసి పంపమను."

ఫొటో రావడానికి నాలుగు రోజులు పట్టింది. చంద్రమ్మగారు మొదటిసారి నా కుర్చీలో కూర్చుని, కళ్ళద్దాలు పైకి తోసుకుని, తెరకి అంత దగ్గరగా మొహం పెట్టి చూసింది. వేళ్ళు బయటికి దారి దొరక్క కవరు లోపలే చుట్టలు చుట్టుకుని, నల్లగా కుళ్ళిపోయాయి. ఆవిడ తెరమీద ఆ వేళ్ళ వెంట వేలితో తడుముతూ పోయింది, అక్కడున్నది నిజం మొక్కే అన్నట్టు.

"ఇది మన తప్పే."

"అమ్మగారూ, అది జోకండి. పైగా ఆ అంట్లు మన నర్సరీవి కూడా కావు."

"మాట మనది కదయ్యా. నువ్వు చదివినప్పుడు నేనూ విన్నాను. 'ఈ ముక్క ఎవరైనా నమ్మేస్తారేమో' అనిపించింది కూడా. లోపల నవ్వొచ్చి ఊరుకున్నాను. అందుకే మన తప్పంటున్నాను, నీ తప్పు అనలేదు."

ఏడేళ్ళలో ఆవిడకి నా రాతలు నవ్వు తెప్పించాయని నాకు తెలిసిన సందర్భం అదొక్కటే. సంతోషించే వీలు లేని సమయం చూసి చెప్పింది.

కొత్త టపా రాయమంది. తప్పు ఏమిటో, వేరు ఎందుకు కుళ్ళిందో, కవరు ఎలా చింపాలో రాయమంది. కింద మారుపేరు కాదు, సొంత పేరూ నర్సరీ పేరూ పెట్టమంది. "నర్సరీ పేరు పోతుందండి" అన్నాను. "ఇన్నాళ్ళూ ఆ పేరు చూసే కదా మొక్కలు కొన్నారు. తప్పు చేసినప్పుడు దాచుకునేదానికి పేరెందుకయ్యా?" అంది. విజయలక్ష్మిగారికి ఆరు అంట్లు రాయపూర్ వెళ్ళే లారీలో తనే దగ్గరుండి ఎక్కించింది. తర్వాత నావైపు తిరిగి, "ఇప్పుడు ఆ రాతలు మానేసి వెళ్తావో ఉంటావో నీ ఇష్టం. వేరు చూశావుగా" అంది.

ఆ టపా పెట్టడానికి నాకు ఒక పూట పట్టింది. రాయడానికి పది నిమిషాలు, కింద పేరు పెట్టడానికి మిగతా పూటంతా. వచ్చినవి తొమ్మిది వ్యాఖ్యలు. ఆ నలభై ఏడు వ్యాఖ్యల్లో పోట్లాడినవాళ్ళలో ఒక్కరూ ఇటు రాలేదు, పోట్లాటకి అందులో ఏమీ మిగల్లేదు. తొమ్మిదోది రాయపూర్ నుంచి: "కవర్లు చింపే పాతాను. దగ్గర నిలబడి మావారు లెక్కపెట్టారు." సెలవు టపా బయటికి రాలేదు. మరో మూడేళ్ళు, బ్లాగులోకమే మెల్లగా ఖాళీ అయ్యేదాకా, సొంత పేరుతో రాశాను. జోకులు తగ్గలేదు గాని, ఎవరైనా చేసి చూడగలిగే పని జోకులో ఉంటే, దాని పక్కన నిజం కూడా ఒక ముక్క పెట్టడం అలవాటైంది.

సపోటాల గొడవ జరిగిన ఏడాది చివర్లో ఒకరోజు నిడదవోలు నుంచి వచ్చిన పాత ఖాతాదారుతో చంద్రమ్మగారు షెడ్డు అవతల మాట్లాడుతోంది. నేను ఇవతల ఉన్నానని వాళ్ళకి తెలీదు. "మీ ఆఫీసు కుర్రాడేదో కంప్యూటర్లో రాసి మీ పరువు తీశాడటగా?" అని ఆయన నవ్వుతున్నాడు. ఆవిడ నవ్వలేదు. "తప్పు రాశాడండి. పేరు పెట్టి దిద్దాడు. మా నర్సరీ వాడు" అంది.

తర్వాత నేను మూడు పుస్తకాలు వేశాను. వెనక అట్టల మీద పెద్దలు చాలా మంచి మాటలు రాశారు, కొందరు చదివి కూడా రాశారు. చంద్రమ్మగారి ఆ మూడు ముక్కలు మాత్రం ఏ అట్ట మీదా వేయించలేదు. అవి నా దగ్గరే ఉంచుకున్నాను.