అవధాని గారికి అరుంధతి కనపడలేదు

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు అతిశయోక్తి అలవాటు. జానెడు వానపాము నా నోట పడితే బారెడు తాచుపాము అవుతుంది. మా ఆవిడ నా మాటల్లో ముప్పాతిక తీసేసి వింటుంది. మీరు సగం తీసేస్తే చాలు.

మూడేళ్ళ కిందటి వేసవి. అమలాపురంలో నా కళ్ళజోళ్ళ దుకాణం. నేను ఆప్టోమెట్రిస్ట్‌ని, అంటే కత్తి పట్టని కళ్ళ మనిషిని. చూపు కొలిచి అద్దాలిస్తాను, ఆపరేషన్ అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపుతాను. ఆ రోజు ఎండకి షోకేసులోని చలవ కళ్ళజోళ్ళు కూడా కళ్ళు మూసుకున్నాయి.

రావులపాలెం అరటి వ్యాపారి ఒకాయన చార్టు చదువుతున్నాడు. చార్టంటే, పై వరసలో గుమ్మడికాయంత అక్షరంతో మొదలై కింది వరసకి నువ్వుగింజంత అయిపోయే పట్టిక. ఆయన తడుముకుంటూ చదివి వెళ్ళాక, బెంచీ మీదున్న అవధాని గారి వంతు వచ్చింది. కొత్తపేట వైపు పురోహితులు, డెబ్బై దాటాయి. కోనసీమలో సగం పెళ్ళిళ్ళు ఆయన చేయించినవే. మిగతా సగం ఆయనకి ఖాళీ లేక వేరేవాళ్ళు చేయించినవి. వెంట భార్య కామేశ్వరమ్మ గారు.

చదవమన్నాను. గోదారికి గండి పడ్డట్టు ఆఖరి వరస దాకా చదివేశారు.

"గద్ద కళ్ళండీ మీవి. అద్దాలక్కర్లేదు," అన్నాను.

శుభవార్త విన్నవాడి మొహం అలా ఉండదు. ఉత్తరీయంతో చెమట తుడుచుకుని, "అయితే ఖాయమేనన్నమాట," అన్నారు.

"ఏం ఖాయమండీ?"

"నా ప్రయాణం. మొన్న ముక్కామలలో రాత్రి పెళ్ళి. వసిష్ఠుడు మసగ్గా తగిలేడు. పక్కన అరుంధతి లేదండీ! ఆయువు తీరినవాడికి అరుంధతి కనపడదని పెద్దల మాట. దోషం కంట్లో ఉందేమోనని ఆశపడి వచ్చేను. మీరేమో గద్ద కళ్ళంటిరి."

చార్టులు పుట్టకముందు మనవాళ్ళకి ఆకాశమే చార్టు. ఉత్తరాన మంచంకోళ్ళలా నాలుగు చుక్కలు, తోకలా మూడు. ఆ మూడింటిలో నడిమిది వసిష్ఠుడు, దాన్నంటుకున్న నలుసు అరుంధతి. కొత్త దంపతులకి చూపించేది దాన్నే.

"పట్టపగలు పెళ్ళిళ్ళలో కూడా చూపిస్తారు కదండీ?" అన్నాను, నవ్విద్దామని.

"పగలు దిక్కు చూపిస్తామండీ. రాత్రి చుక్కనే చూపించాలి. నాకు కనపడనిది కనపడిందని పిల్లల చేత ఎలా అనిపించను?"

"ఇదీ వరస," అన్నారు కామేశ్వరమ్మ గారు. "జ్యేష్ఠంలో మా తమ్ముడి మనవరాలి పెళ్ళి. చేయించనని కూర్చున్నారు. ఇంతకీ బాబూ, ఈయన చార్టు చదివేరనుకున్నారా? ఆ ముందాయన చదివింది అప్పజెప్పేరు! ఆయన 'గ... కాదు కాదు, ద' అన్నాడా? ఈయనా 'గ... కాదు కాదు, ద' అన్నారు. మధ్యలో దగ్గుతో సహా!"

"నేనా!" అన్నారు అవధాని గారు.

"మీరే. చెవిన పడితే చాలు, మీ నోరు ఆగదు కదా. ఆరేళ్ళప్పట్నించీ అదే చదువాయె."

గోడ మీద చార్టు మార్చాను. "ఇప్పుడు చదవండి."

మళ్ళీ అవే అక్షరాలు. మళ్ళీ అదే దగ్గు.

"అవధాని గారూ, ఇవి అంకెలండీ."

"అంకెలా!" ఆయన మొహం వెలిగింది.

రెటినోస్కోప్ పట్టాను. కంట్లోకి వెలుగు పంపి, తిరిగొచ్చే వెలుగుని చూసే పరికరం అది. కాస్త మసక తప్ప ఏమీ తిరిగి రాలేదు. "రెండు కళ్ళలోనూ శుక్లాలండీ."

"ముదిరేయా?"

"ముదురు కొబ్బరిలా."

"ఆహా! దీర్ఘాయుష్మాన్ భవ!" అంటూ నా నెత్తిన చెయ్యి పెట్టారు. శుక్లాలున్నాయంటే గంతేసిన మనిషిని నేను ఆయన్నొక్కర్నే చూశాను.

"తనకి కావలసిన దీవెన మీకిచ్చేసేరు," అని కామేశ్వరమ్మ గారు కళ్ళొత్తుకున్నారు.

డాక్టరు గారు రెండు కళ్ళకీ ఆపరేషన్ చేశారు. జ్యేష్ఠంలో పెళ్ళికి నన్నూ మా ఆవిడనీ పిలిచారు. డాబా మీద వధూవరులకి చుక్క చూపించాక, అవధాని గారు మమ్మల్నీ దగ్గరికి పిలిచి వేలెత్తి చూపించారు. "కనిపించిందండీ," అన్నాను. ఆయన నా చెయ్యి వదల్లేదు. "మీ చలవండీ," అన్నారు. నిజానికి ఎవరి చలవో తరవాత తెలిసింది.

అంతకుముందు నేను మనిషి కూర్చోగానే "చదవండి" అనేవాణ్ణి. ఇప్పుడు "మీకు ఏది కనపడట్లేదండీ?" అని మొదట అడుగుతున్నాను. ఒకావిడ సూది బెజ్జం అంటుంది. కాట్రేనికోన పడవాయన, దూరంగా వలకి కట్టిన బెండు అంటాడు. సగం రోగం వాళ్ళే చెప్పేస్తారు. అవధాని గారు నేర్పిన విద్య ఇది.

సగం తీసేయమన్నాను గానీ, అంకెల చార్టు ముందు దగ్గడం దగ్గర్నించీ అంతా జరిగిందే. కల్పించింది ఒక్కటే: డాబా మీద నాకు చుక్క కనిపించిందన్నానే, అది. కనిపించలేదు. మర్నాడు పొద్దున్నే నా కుర్చీలో నేనే కూర్చున్నాను. పవర్ మారి ఎన్నాళ్ళయిందో! కొత్త అద్దాలు బిగించుకుని ఆ రాత్రి మా ఆవిణ్ణి డాబా ఎక్కించాను. మా పెళ్ళినాడు నేను చూడకుండానే తలూపి ఊరుకున్న చుక్క, వసిష్ఠుణ్ణి ఆనుకుని, ఉంది.

కొత్తపేట వైపు తిరిగి దణ్ణం పెట్టాను.