మా అమ్మ చేతిలో కుక్కతాడు

మా ఇంట్లో కుక్కను తిప్పుకురావాలంటే ముగ్గురం బయల్దేరాలి. తాడు పట్టుకునేది అమ్మ. దారి చూపేది నా భార్య. వెనకాల నీళ్ళ బాటిలు మోస్తూ, ఆవలిస్తూ, ఇద్దరి చేతా చీవాట్లు తింటూ నడిచేది నేను. ధర్మవరంలో పట్టుచీరల అంగడి నడుపుతున్న మనిషిని. బజారులో నలుగురూ ఆగి పలకరించే మనిషిని. పొద్దున్నే ఊరు దాటి చేలగట్టు ఎక్కామంటే మాత్రం నా విలువ ఆ బాటిలు పాటిదే.

అసలు మాకు కుక్క ఉండటమే ఒక వింత. తాతల కాలం నుంచి మా ఇంటి గడప కుక్క తొక్కింది లేదు. అలాంటి ఇంట్లోకి ఈ గోధుమరంగు వీధికుక్క వచ్చిందంటే, అది అమ్మ మోకాలి పుణ్యం. నాయన పోయిన మరుసటి ఏడు అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. రోజూ నడవాలని, నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని, పడితే మాత్రం మళ్ళీ బాగుచేయడం కష్టమని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. అమ్మ ఇంటికొచ్చి మంచం ఎక్కింది. నడవమని బతిమాలితే, "ఎవరికోసం నడవల్లప్పా, నీ అంగట్లో గుమాస్తాగా జేరల్లనా?" అనేది. కసిరితే గోడవైపు తిరిగి పడుకునేది.

ఇంటికి ఆనుకునే ఉన్న అంగడి మెట్ల కింద పెరుగుతున్న కుక్కపిల్లకు అమ్మ మంచం పక్క కిటికీలోంచే అన్నం విసిరేది. ఒకనాడు అది కుంటుకుంటూ వీధి మలుపు తిరిగి కనిపించకుండా పోయింది. మాకెవరికీ చెప్పకుండా అమ్మ చేతికర్ర తీసుకుని దాన్ని వెతుక్కుంటూ వీధి చివరిదాకా నడిచింది. నా భార్య మేడ మీద బట్టలు ఆరేస్తూ ఇదంతా చూసి, నోరెత్తకుండా కిందికి దిగింది. మర్నాడు మెడపట్టీ, తాడూ కొనుక్కొచ్చి అత్త ఒళ్ళో పెట్టింది. "నీ కుక్క, నువ్వే తిప్పుకో అత్తా. నాకు ఇంట్లో పనుండాది" అంది. అలా మొదలైంది మా అమ్మ నడక. పడుతుందేమోనని మేమిద్దరమూ వెంట బయల్దేరాం.

ఆ తాడుతోనే అత్తాకోడళ్ళకు పేచీ. అమ్మ దాన్ని మణికట్టుకు చుట్లు చుట్టుకుని పట్టుకునేది. "చేతికి చుట్టుకోవద్దత్తా, అరచేతిలో పట్టుకో. కుక్క గుంజితే నువ్వు పడతావు" అని నా భార్య రోజూ చెప్పేది. "పడితే పడతా, ఇడ్సను" అనేది అమ్మ. ఎందుకు వదలదో మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఆస్పత్రిలో నాయన చివరి రోజున అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంది. కాసేపు పోయి కాఫీ తాగి రమ్మని మేమే పంపించాం. ఆమె తిరిగి వచ్చేసరికి నాయన లేడు. అప్పటినుంచి అమ్మ కాఫీ ముట్టలేదు. అడిగితే "ఒంటికి పడదు" అంటుంది. చేతిలోకి వచ్చిన దేన్నీ ఒక పట్టాన వదలదు, బస్సులో కడ్డీ అయినా, గుడిలో నా మోచెయ్యి అయినా.

నా భార్యది కన్నడ సరిహద్దున ఉన్న గుమ్మఘట్ట వైపు. మామగారిది పల్లెలో చిల్లర కొట్టు, కొట్టు వెనకాల పశువుల కొట్టం. అందుకే ఆమెకు మా బజారు మనుషుల మీద కొంచెం చిన్నచూపు. మామూలుగా నన్ను "ఏమండీ" అంటుంది, కోపమొస్తే "ఏమప్పా" అంటుంది. పశువులతో మాత్రం కన్నడంలోనే మాట్లాడుతుంది. అదేమంటే, "మా కొట్టంలో అవి ఆ మాటే ఇనేవి" అంటుంది. ధర్మవరం పశువులకు కన్నడం ఎలా వస్తుందని నేను వేళాకోళం చేసేవాణ్ణి. అవి వినడం కూడా నా కళ్ళతో చూశాను.

వేరుశనగ పెరికేశాక మా చుట్టుపక్కల చేలల్లోకి పశువులను వదులుతారు. వానల్లేని ఏడు కూడా ఆ ఎర్రమట్టిలో ఏదో ఒకటి ఏరుకుని తింటూ తిరుగుతుంటాయి. దూరంగా గుట్టల మీద గాలిమరలు, కింద పక్కటెముకలు తేలిన ఈ ఆవులు. మందను చూడగానే నా భార్య ఆగిపోయేది. ఎన్ని ఉన్నాయి, ఏది తలెత్తి చూస్తోంది, దూడ ఎక్కడుంది అని కళ్ళతోనే వెతికి, మమ్మల్ని పెద్ద చుట్టు తిప్పి తీసుకుపోయేది. కుక్కను పశువుల వైపు రానీకుండా మా అవతలి పక్కన నడిపించేది. నాకేమో ఎండెక్కితే అంగడి తెరవడం ఆలస్యమవుతుందని ప్రాణం పీకేది. "ఆవులే గదా, ఏం జేస్తాయిలే" అంటే, "నీ అంగడి ముందర అరటిపండు తినే ఆవు గాదప్పా ఇది" అనేది. అప్పా అని వచ్చిందంటే నేను నోరు మూసుకోవాలని అర్థం.

ఆ అరటిపండు ఆవు గురించి చెప్పాలి. ప్రతి శుక్రవారం మా అంగడి మెట్ల దగ్గరికి ఒక ఆవు వస్తుంది. ఏ అంగట్లో బెల్లం పెడతారో, ఏ అంగట్లో నానబెట్టిన బియ్యం పెడతారో దానికి మాకంటే బాగా తెలుసు. అమ్మ చెప్పులు విడిచి, దాని నుదుట పసుపూ కుంకుమా పెట్టి, అరటిపండు తినిపించి, తోక దగ్గర తాకి కళ్ళకద్దుకుంటుంది. మా కుక్క ఆ ఆవు కాళ్ళ మధ్యనే నిద్రపోతుంది. బజారు కుటుంబాల్లో మేమందరం ఆవును చూసింది అలాగే. ఇక దూడతో ఉన్న ఆవు ఎదురైందంటే అంతకంటే శుభశకునం లేదు. పెళ్ళిమాటలకు పోయేవాళ్ళు కూడా ఒక నిమిషం ఆగి దణ్ణం పెట్టుకుని మరీ పోతారు.

అదీ శుక్రవారమే. చేలగట్టు మీద నడుస్తున్నాం. నా చెప్పులోంచి కంపముల్లు కాలికి దిగింది. నేను ఒంటికాలి మీద నిలబడి భార్య భుజం పట్టుకుని, "అబ్బా అబ్బా" అంటుంటే ఆమె ముల్లు లాగుతూ, "ఇంత మనిషివి, ఇంత ముల్లుకేనా" అని నవ్వుతోంది. ముల్లు వచ్చింది. తలెత్తి చూస్తే అమ్మ పక్కన లేదు.

అమ్మ గట్టు దిగి చేలోకి పోయింది. గట్టు మీద ఆమె చెప్పులూ, చేతికర్రా పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఎదురుగా వేరుశనగ కట్టె కుప్పేసిన వామి నీడలో ఎర్రటి నాటు ఆవు, దాని పొట్ట కింద ఇంకా కాళ్ళు నిలవని దూడ. శుక్రవారం పొద్దున్నే ఎదురైన అంత భాగ్యాన్ని మా అమ్మ ఎలా వదులుకుంటుంది? ఒట్టి కాళ్ళతో, ఒక చెయ్యి ముందుకు చాచి, దాన్ని తాకి కళ్ళకద్దుకోవడానికి పోతోంది. రెండో చేతికి తాడు చుట్టి ఉంది. తాడు చివర కుక్క తోక ఊపుకుంటూ ఆమెకంటే ముందు నడుస్తోంది. దానికీ అది అంగడి ముందరి ఆవే.

ఆవు మేత ఆపి తలెత్తింది. అమ్మను చూడలేదు, కుక్కను చూసింది. ముక్కుతో బుస్సున ఊది, ముందుకాలితో మట్టి గీరి తల కిందికి వంచింది. నేను పరిగెత్తబోతే నా భార్య నా చొక్కా పట్టి వెనక్కి లాగింది. "ఉరకద్దు" అంది. ఆమె మాత్రం గట్టు మీది చేతికర్రను తీసి అడ్డంగా పట్టుకుని, చేతులు చాచి, మామూలు నడకతో చేలోకి దిగింది.

"అత్తా, ఆడనే నిలుచుకో. తాడు ఇడ్సు."

"ఇడ్సను" అంది అమ్మ. చెయ్యి ఇంకా బిగిసింది.

"అది నిన్ను గాదు చూస్తాండేది, కుక్కను. కుక్క ఉరుకుతాది, నువ్వు ఉరకలేవు. ఇడ్సత్తా!"

ఆవు కదిలింది. ఆ క్షణంలో నా కళ్ళ ముందు ఉన్నది ఒకటే. కుక్క బెదిరి గుంజుతుంది, చేతికి చుట్టుకున్న తాడు అమ్మను ఈడ్చి కింద పడేస్తుంది, కొమ్ములు మీదికి వస్తాయి. మోకాలి సంగతి దేవుడెరుగు, అమ్మే మిగలదు. నేను భయంతో గట్టిగా ఏడ్చేశాను. అది చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

అమ్మ కుక్క వైపు చూసింది. చేతిని కిందికి వాల్చి, మణికట్టును వెనక్కి తిప్పింది. తాడు చుట్లు ఒక్కొక్కటే జారి నేల మీద పడ్డాయి.

కుక్క ఒక్క దూకు దూకింది. ఆవు అమ్మ చీరకొంగుకు గాలి కొట్టేంత దగ్గరగా కుక్క వెంట దూసుకుపోయింది. ఎర్రదుమ్ములో కాసేపు ఏమీ కనపడలేదు. ఇంతలో భయపడిన కుక్క చేసే పనే అదీ చేసింది. చుట్టు తిరిగి, తనకు తెలిసిన మనిషి వైపే పరుగు పెట్టింది, వెనకాల ఆవును తోడు తెస్తూ. నా భార్య అప్పటికే అమ్మ ముందుకు వచ్చి నిలబడింది. కుక్కకు మాత్రం ఏమీ చెప్పలేదు. చెప్పినా అది వినేది అమ్మ మాటే.

"ఈడికి రావద్దే!" అని అరిచింది అమ్మ. నాయన పోయినప్పటి నుంచి అంత గొంతు నేను వినలేదు. "ఇంటికి పో! పో, ఇంటికి!"

రోజూ నడక అయిపోయాక అమ్మ దానితో అనే మాట అదే, ఇంటికి పోదాం పా అని. కుక్క చెవులు వెనక్కి వాల్చి పక్కకు మళ్ళి, చేను అంచున ఉన్న కంపలోకి దూరిపోయింది. ఆవు కంప దగ్గర ఆగి, ముళ్ళను కొమ్ములతో ఒకసారి కుమ్మి, అటూ ఇటూ చూసింది. వామి దగ్గర దూడ సన్నగా అరిచింది. అంతే, అంత కోపమూ ఎక్కడ పోయిందో, ఆవు గబగబా వెనక్కి నడిచి దూడను నాకడం మొదలుపెట్టింది. నా భార్య దానికి వీపు చూపకుండా, అత్త భుజం చుట్టూ చెయ్యి వేసి, ఒక్కొక్క అడుగే వెనక్కి వేయిస్తూ, "సుమ్మనిరు తాయీ, సుమ్మనిరు" అంటోంది. ఊరుకో తల్లీ అని. ఏ తల్లితో అంటోందో నాకు తెలియలేదు. ఇద్దరూ ఊరుకున్నారు.

గట్టు ఎక్కాక ఆవుగల ఆయన గుట్ట వైపు నుంచి ఉరుకుతూ వచ్చాడు. "నిన్ననే ఈనిందన్నా. ఈనేటప్పుడు ఊరకుక్కలు దూడ మీదికి వచ్చినాయి. అప్పటినుంచి కుక్క కనపడితే ఓర్సుకోదు. దెబ్బలేం తగల్లేదు గదా?" అన్నాడు. అమ్మ ఆవు వైపే చూస్తోంది. "దాన్ని ఏమనొద్దప్పా" అంది ఆయనతో. "మంచి తల్లి. బాగా మేత ఎయ్యి."

తర్వాత అమ్మ ఇంటి దారి పట్టింది. గట్టు మీద చెప్పులు ఉన్నాయన్న సంగతే మరిచింది. నేను వెనకాలే పోయి తొడగబోతే కాలు చాచి తొడిగించుకుని మళ్ళీ నడక సాగించింది. దారి పొడుగునా ప్రతి పొద వైపూ చూసింది. ఎక్కడా కుక్క జాడ లేదు. నేను పిలవబోతే నా భార్య వద్దని సైగ చేసింది. అమ్మ కుంటుతూనే, ఆపరేషన్ అయ్యాక నేనెప్పుడూ చూడనంత వేగంగా నడిచింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటోందో, నాయనను తలుచుకుంటోందో. నా భార్య ఆమె పక్కనే, తాకకుండా, పడితే పట్టుకునేంత దగ్గరలో నడిచింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె మీద నాకు అంత గౌరవం ఎప్పుడూ కలగలేదు. దాన్ని ఆమెకు చెప్పడానికి ఆ పొద్దు నాకు మాట దొరకలేదు. ఇక్కడ రాస్తున్నాను, చదువుకుంటుంది.

మా వీధి మలుపు తిరిగాం. మా ఇంటి గడప మీద, అమ్మ రోజూ పసుపు రాసి ఎవరినీ తొక్కనివ్వని గడప మీద, కుక్క అడ్డంగా పడుకుని ఉంది. చెవి ముళ్ళకు చీరుకుపోయింది. మెడనుంచి తాడు మెట్ల కిందిదాకా వేలాడుతోంది. అమ్మను చూసి లేచి, ఏమీ జరగనట్టు ఒళ్ళు విదిలించుకుంది.

అమ్మ మెట్టు మీద కూలబడి దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. నా భార్య పసుపు తెచ్చి చెవికి అద్దుతుంటే అమ్మ మెల్లగా అంది.

"ఇడ్సినా వచ్చిందమ్మే."

"వస్తాదత్తా. రాక యాడికి పోతాది?"

అమ్మ నా వైపు చూసింది. "మీ నాయన పోయింది నేను చెయ్యి ఇడ్సినందుకు గాదేమోప్పా" అంది.

"కాదుమ్మా" అన్నాను. ఇన్నాళ్ళూ ఆమె మనసులో ఉన్నది అదేనని నాకు తెలుసు. ఆ ఒక్క మాట అనడానికి నాకు ఇంతకు ముందు ఎప్పుడూ వీలు దొరకలేదు.

అమ్మ కుక్క మెడలోంచి తాడు విప్పి, చుట్ట చుట్టి పక్కన పెట్టింది. మణికట్టు మీద తాడు ఒత్తిన ఎర్రటి గుర్తును బొటనవేలితో రుద్దుకుంది. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"ఇంత కాఫీ పెట్టమ్మే" అంది. "సెక్కర తక్కువ ఎయ్యి."