సుకుమార్ పట్టి ఉంచిన గ్యాసు

ఏసీ మెకానిక్కుల్లో రెండు రకాలున్నారు. పాత గ్యాసును గాల్లోకి వదిలేసేవాళ్లు ఒక రకం. దాన్ని సిలిండర్‌లోకి పట్టి దాచేవాళ్లు రెండో రకం. తిరుపతి, తిరుచానూరు జల్లెడ పట్టి వెతికినా ఈ రెండో రకంలో సుకుమార్ తప్ప ఇంకొకడు దొరకడం కష్టం. అందుకు లాడ్జీలవాళ్లు అతనికిచ్చిన బిరుదు గ్యాసు దొంగ.

పనిలో మొదటి ఇరవై ఏళ్లు అతనూ అందరిలాంటివాడే. పుట్టింది శ్రీకాళహస్తిలో. నాయన కలంకారీ గుడ్డలు ఉతికే పనికి పోయేవాడు. ఏట్లో నీళ్లు తగ్గాక ఆ పనీ తగ్గింది. సుకుమార్ పదో తరగతి తప్పి తిరుపతి వచ్చి ఫ్రిజ్జులు బాగుచేసే షాపులో చేరాడు. ఫ్రిజ్జుల నుంచి ఏసీలకు, అక్కడినుంచి తిరుచానూరు లాడ్జీలకు. చాప పరుచుకుని పడుకునే యాత్రికులు పోయి, గదిలో అడుగుపెట్టగానే రిమోట్ ఏదని అడిగేవాళ్లు వచ్చాక అతనికి చేతినిండా పని దొరికింది.

ఆ పనిలో ఒక పద్ధతుంది. పైపుకు చిల్లు పడినా, కంప్రెసర్ కాలినా, మరమ్మతుకు ముందు లోపల మిగిలిన గ్యాసును ఖాళీ చెయ్యాలి. మేడ మీద నట్టు వదులు చేస్తే అది బుస్సుమని పోతుంది. ఆ బుస కింద కౌంటర్ దాకా వినిపిస్తుంది. వినిపిస్తే మెకానిక్ పనిలో దిగాడని, వినిపించకపోతే మేడ మీద బీడీ కాలుస్తున్నాడని మేనేజర్ల లెక్క. ఏళ్ల తరబడి ఆ లెక్క తప్పలేదు.

రెండేళ్ల కిందట కేంద్ర ప్రభుత్వం తరఫున మెకానిక్కులకు శిక్షణ అన్నారు. మధ్యాహ్నం భోజనం పెడతారు కదా అని సుకుమార్ వెళ్లాడు. పాఠం చెప్పినాయన మంచివాడు, అర్థమయ్యేలా చెప్పాడు. బొగ్గుపులుసు వాయువు గాల్లో వందల ఏళ్లుంటుంది. ఏసీ గ్యాసు కొన్నేళ్లే ఉంటుంది, కానీ ఉన్నన్నాళ్లు దాని వేడి అంతా ఇంతా కాదు. లాడ్జీల్లో వాడే రకం ఒక్క కిలో వదిలితే, అది రెండు వేల కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. ఇలాంటివాటిని తగ్గిస్తామని మన దేశం మాటిచ్చింది. "వీటిని ఇప్పుడు ఆపితే, ఫలితం మీ బతుకులోనే చూస్తారు" అన్నాడాయన.

సుకుమార్‌కు ఆ భోజనం సరిగ్గా దిగలేదు. ఇరవై ఏళ్లలో తను ఎన్ని నట్లు వదులు చేశాడో గుర్తు చేసుకుంటే తన చేతుల మీదే తనకు అసహ్యం వేసింది. ఇంటికొచ్చి భార్య నిస్సీకి చెప్పుకున్నాడు.

"తెలీక చేసినదానికి దేవుడు ఏమీ అనడులే" అంది నిస్సీ.

"ఇంక తెలిసిపోయింది గదే" అన్నాడు.

శిక్షణవాళ్లు అతనికి గ్యాసును వెనక్కి లాగే మిషన్ ఒకటి, పసుపు తల సిలిండర్లు రెండు రెండేళ్ల గడువు మీద ఇచ్చారు. సిలిండర్లు నిండాక ఆఫీసులో అప్పగిస్తే, వాళ్లు దాన్ని శుద్ధి చేసే చోటికి పంపుతారు, మళ్లీ వాడుకోవచ్చు. వినడానికి ఎంత బాగుందో చూడండి.

జయరామ్ మేనేజర్‌గా ఉన్న పెద్ద లాడ్జిలోనే చిక్కు మొదలైంది. సుకుమార్ మేడెక్కి ముక్కాలు గంటయినా బుస వినిపించలేదు. జయరామ్ పైకొచ్చి చూస్తే మిషన్ తిరుగుతోంది, గ్యాసు సిలిండర్‌లోకి పోతోంది.

"ఏందప్పా ఇది? మా గ్యాసు నువ్వు పట్టుకుంటా ఉండావే" అన్నాడు.

సుకుమార్ భూమి సంగతి, వేడి సంగతి, ప్రభుత్వం సంగతి ఓపికగా చెప్పాడు. జయరామ్ అంతా విన్నాడు.

"అంటే మా గ్యాసు పట్టుకోనిపోయి ఇంకో లాడ్జీలో నింపుతావు. అంతే గదా."

గాల్లో కలిసిపోతే ఎవరికీ నొప్పి లేదు. ఒకడు జాగ్రత్తగా పట్టి పెడితే మాత్రం అది మా సొత్తు, దొంగతనం. పారబోసేవాడు దొర, ఏరుకునేవాడు దొంగ. ఈ మాట లాడ్జి నుంచి లాడ్జికి పాకింది. ఏడాది తిరిగేసరికి సుకుమార్‌ను పిలిచే లాడ్జీలు ముప్పై నుంచి నాలుగుకు వచ్చాయి. చివరికి జయరామే ఒక దారి చూపాడు.

"మా గ్యాసు ఆఫీసోళ్లకి ఇచ్చినట్టు సీలుతో కాయితం తెచ్చి సూపించు. బ్రహ్మోత్సవాలకి నిన్నే పిలుస్తా, నలుగురికీ నేనే చెప్తా."

సుకుమార్ ఆ మాట పట్టుకుని బతికాడు. రెండు సిలిండర్లూ నిండేసరికి ఇరవై నెలలు పట్టింది. మే నెలలో రేకుల ఇంట్లో అవి వేడెక్కుతాయని తడి గోనెసంచులు కప్పేవాడు. తాగడానికి ట్యాంకర్ కోసం చూసే వీధిలో గోనెలు తడపడమేందని నిస్సీ సణిగేది, సణుగుతూనే తడిపేది. అప్పగిద్దామని వెళితే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు పొమ్మంది. అక్కడివాళ్లు విజయవాడకు రాయమన్నారు. విజయవాడ జవాబు రాయలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, ఢిల్లీ ఇచ్చిన మాట తిరుపతి దాకా వచ్చి ఒక బల్ల కింద ఇరుక్కుంది.

గడువు తీరాక శిక్షణ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, మిషన్, సిలిండర్లు తెచ్చి అప్పగించమని. సుకుమార్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆటోలో మిషన్‌ను పక్కన పెట్టుకుని, సిలిండర్లను రెండు మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని వెళ్లాడు.

సెక్షన్ చూసే మోహన్‌కృష్ణ రిజిస్టర్ తీసి, ఒక సిలిండర్‌ను చేత్తో ఊపి చూసి మొహం చిట్లించాడు.

"ఇవి నిండుగా ఉండాయే. మేము ఇచ్చింది ఖాళీవి. ఖాళీవే తీసుకోవాల."

"పట్టి తెమ్మనే గదా సార్ ఇచ్చినారు."

"గ్యాసు తీసుకునేదానికి ఇందులో కాలమ్ లేదప్పా. సూడు, కావాలంటే."

సుకుమార్ చూశాడు. నిజంగానే లేదు. ఇచ్చిన సిలిండర్లు, వచ్చిన సిలిండర్లు, సంతకం. అంతే.

"మరి శుద్ధి చేసే చోటికి పంపుతామన్నారు గదా, సార్."

"పట్టినట్టు రిపోర్టు పోయిన మార్చిలోనే ఢిల్లీకి పంపేసినాం. మీ ట్రైనింగు బాగా జరిగిందని మెచ్చుకున్నారు కూడా. నువ్వు వీటిని బయట ఖాళీ చేసి తీసుకురా. ఐదు నిమిషాల పని."

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది వ్యవహారం. వదలొద్దని నేర్పినవాళ్లే, వదలకుండా ఉన్నామని రాసుకున్నవాళ్లే వదలమంటున్నారు. సుకుమార్ తన చేత్తో ఆ పని చెయ్యనన్నాడు. మోహన్‌కృష్ణకు కోపం కూడా రాలేదు. అటెండర్ తిరుమలయ్యను పిలిచి, పెరట్లోకి తీసుకుపోయి మూతలు తిప్పమన్నాడు.

తిరుమలయ్య తిప్పాడు. తెల్లటి ఆవిరి చిమ్మింది, మూత చుట్టూ మంచు పేరుకుంది. ఆఫీసులో పనిచేసేవాళ్లు కిటికీలోంచి చూసి, భలే చల్లగా వస్తోందని నవ్వుకున్నారు. ఇరవై నెలల కష్టం, పోయిన లాడ్జీలు, నిస్సీ తడిపిన గోనెలు అరగంటలో ఆకాశంలో కలిశాయి. సుకుమార్‌కు ఏడుపు రాలేదు. గోడ పక్కకు పోయి ఉమ్మి, నోరు కడుక్కుని వచ్చాడు.

మోహన్‌కృష్ణ రసీదు రాసి గట్టిగా సీలు కొట్టి ఇచ్చాడు. మిషన్ ఒకటి, ఖాళీ సిలిండర్లు రెండు, మంచి స్థితిలో ముట్టినవి. సుకుమార్ దాన్ని చించబోయి ఆగాడు. ఎంతైనా సీలున్న కాగితం. బ్రహ్మోత్సవాలు పదిహేను రోజుల్లో ఉన్నాయి. జరిగింది జరిగినట్టు చెబితే జయరామ్ వినకపోతాడా అనుకుని తిరుచానూరు బస్సెక్కాడు.

జయరామ్ కౌంటర్ దగ్గరే ఉన్నాడు. సుకుమార్ చెప్పడం మొదలుపెట్టేలోగా కాగితం లాక్కుని రెండుసార్లు చదివాడు. పక్కనున్నవాళ్లకూ చూపించాడు. తర్వాత నెమ్మదిగా మడిచి సుకుమార్ జేబులో తనే పెట్టాడు.

"ఖాళీవి ఇచ్చినావని వాళ్లే సీలు కొట్టి రాసిచ్చినారు గదప్పా. మరి మా గ్యాసు యాడికి పోయినట్టు?"