కేబుల్ మీదికి పోయిన తప్పు

ఎనభైల చివర్లో సాకేత్‌లోని మా ఆఫీసులో కొత్త కంప్యూటర్‌కి ప్రింటర్ డ్రైవర్, అంటే ప్రింటర్ని నడిపే ప్రోగ్రాం, రాశాను. పాత మిషన్లో మెమరీ అడ్రసు మామూలు పూర్ణాంకంలో పట్టేది. కొత్తదాంట్లో అడ్రసు దానికి రెట్టింపు, అయినా అలవాటుకొద్దీ అందులోనే పెట్టాను. ప్రోగ్రాంని మిషన్ భాషలోకి మార్చే కంపైలర్, పట్టదని హెచ్చరించింది. ఓపిక లేక, పరవాలేదు కుదించమని 'కాస్ట్' అనే ఆదేశం ఒకటి రాసి దాని నోరు మూయించాను. పని పెరిగి మెమరీ నిండేసరికి అడ్రసులో పై సగం తెగిపోయి మిషన్ ఆగిపోసాగింది.

"కేబులేమో సార్, కరోల్ బాగ్ బజారుకెళ్లి కొత్తది తెస్తా," అన్నాడు దీనికోసం మేనేజర్ చేత రోజూ తిట్లు తింటున్న హార్డ్‌వేర్ కుర్రాడు.

తప్పు నా ప్రోగ్రాంలోనే ఉందని నాకప్పటికే అర్థమైంది. "తీసుకురా," అన్నాను.

అతను ఎండనపడి వచ్చేలోగా అడ్రసుని పెద్ద పూర్ణాంకంలోకి మార్చేశాను. అతను కేబుల్ బిగించాడు. ప్రింటర్ కదిలింది.

"చూశారా సార్, కేబులే!"

"అచ్ఛా! మరి ఇన్నాళ్లూ ఏం చేశావ్?" అన్నాడు మేనేజర్.

కుర్రాడు తల దించుకున్నాడు. నేను పాత కేబుల్ చుట్టి చెత్తబుట్టలో పడేశాను.