దిగిపోయే మనిషి

మోకాళ్ళు మొరాయించాక, కుట్టుమిషన్లు బాగుచేసే పెద్దాయన తన పాత సైకిలుకి మోటారు బిగించుకున్నాడు. మోటారున్నాక రోడ్డెక్కాలంటే నంబరూ, హెల్మెట్టూ, లైసెన్సూ ఉండాలట. లేకపోతే సైకిలు పట్టుకుపోతారు, ఇంటింటికీ తిరిగే పని మూలపడుతుంది. అందుకే అరవై దాటిన వయసులో, పరీక్ష మైదానంలో సుద్దతో గీసిన ఎనిమిది అంకె మీద ఊపిరి బిగబట్టి తిప్పుతున్నాడు. కాలు నేలకి తగిలితే ఫెయిలే. ఆఖరి మలుపులో టీ గ్లాసులు పట్టుకుని ఒకావిడ గీతల్లోకి నడిచొచ్చింది. మనిషి అడ్డొస్తే దిగి నిలబడటం ఆయనకి నలభయ్యేళ్ళ అలవాటు. దిగిపోయాడు.

"అయ్యో బాబాయ్, నా మూలాన!" అందావిడ.

"కాలు పెట్టేశావు పెద్దాయనా," అన్నాడు పరీక్ష పెడుతున్న ఇన్‌స్పెక్టరు.

"పెట్టానండీ. రేపు రోడ్డు మీద మనిషి అడ్డొచ్చినా పెడతాను," అన్నాడాయన, సైకిలు నడిపించుకుపోతూ.

ఇన్‌స్పెక్టరు కాగితం మీంచి కలం ఎత్తాడు. "ఆగు. ఆగడం వచ్చని చూశాంలే. ఇప్పుడు ఆగకుండా ఒక్కసారి తిప్పు. అమ్మా, నువ్వు కాస్త పక్కకి రా!"