ఒపెరాకు యాడి ఏం కట్టుకుంది

మా యాడి చనిపోయింది. మంగళవారం పొద్దున నేను జనగామలో ఆఫీసుకు బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటుంటే అన్న ఫోన్ చేశాడు. "రాత్రి ఆయాసం ఎక్కువైతే మానుకోట దవాఖానకు తెచ్చినం చెల్లె. పోయింది" అన్నాడు. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. యాడి అంటే మా లంబాడీ భాషలో అమ్మ. చెప్పులు విడిచి మళ్లీ ఇంట్లోకి వచ్చాను. ఎందుకు వచ్చానో తెలియక గోడ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.

మా తండా కేసముద్రం దగ్గర. చూడటానికి వచ్చినవాళ్లలో చాలామంది నన్ను పక్కకు పిలిచి ఒకే మాట అడిగారు: "హైదరాబాద్‌ల ఆ ఇంగ్లీషు పాటల నాటకానికి పోయింది ఈ అవ్వనేనా?" ఒకాయన ఆమెను లోపలికి రానివ్వలేదని విన్నాడట. ఇంకొకామె యాడి స్టేజీ ఎక్కి ఆడిందని విన్నదట. రెండూ నిజం కాదు. ఆ సాయంత్రం ఆమె పక్క కుర్చీలో కూర్చున్నదాన్ని నేను. జరిగింది జరిగినట్టు చెప్పటం తప్ప ఆమె కోసం ఇప్పుడు నేను చేయగలిగింది ఏమీ లేదు.

ముందు ఆమె బట్టల గురించి చెప్పాలి. యాడి పుట్టింది భూపాలపల్లి వైపు, మొగుళ్లపల్లి దగ్గరి తండాలో. పెళ్లయి మా తండాకు వచ్చినప్పటి నుంచి ఆమెకు ఒకటే వేషం. అద్దాలు కుట్టిన ఎర్రటి పెద్ద పావడా, గవ్వలూ పాత నాణేలూ కుట్టిన రవిక, తల మీద అంచుకు మువ్వలు వేలాడే ఓణీ, మణికట్టు నుంచి భుజం దాకా తెల్లటి గాజులు. మా బాపు పోయినప్పుడు మోచేతి పైనున్న గాజులు తీసేసింది. మిగతావి వదల్లేదు. ఆమె ఈడు ఆడవాళ్లు ఒక్కొక్కరే చీరల్లోకి మారారు. "బరువు కాదా యాడీ" అని అడిగితే, "నెత్తి మీద నీళ్లబిందె బరువు కాదా? దాహమైతది గనుక మోస్తం" అనేది.

ఎవరింటికి పోయినా వాకిట్లో ఆగి ఒకసారి ఓణీ విదిలించేది. మువ్వలు మోగేవి. చెప్పకుండా లోపలికి రావటం దొంగల పని అనేది. బస్సులో కూర్చుంటే పావడా దగ్గరికి మడిచి రెండు మోకాళ్ల మధ్య పెట్టుకునేది, అద్దాలు పక్కవాళ్లకు గీసుకోకుండా. తండాలో పెళ్లయి పోయే పిల్లకు ఏడుపు పాట నేర్పేది ఆమే. మా దాంట్లో పెళ్లికూతురు అయినవాళ్ల మెడలు పట్టుకుని పాడుతూ ఏడుస్తుంది. దాన్ని ఢావ్లో అంటాం. "పెదవులకెల్లి పాడితే ముందట నిలబడ్డోనికే ఇనబడతది. కడుపులకెల్లి పాడు, పోయిన నీ తాతకు ఇనబడాలె" అని ఆమె చెప్పటం నా పెళ్లిలో నేనూ విన్నాను.

అన్న కూతురికి ఆ గొంతే వచ్చింది. గురుకులంలో చదువుతున్నప్పుడు ఒక టీచరమ్మ ఆమె పాట విని హైదరాబాద్‌లో పాశ్చాత్య సంగీతం నేర్పే చోట చేర్పించింది. పోయిన చలికాలం అక్కడివాళ్లంతా కలిసి ఒక ఒపెరా వేశారు. మాటలు ఉండవు, కథంతా పాటల్లోనే నడుస్తుంది. భాష ఇటలీది. మా పిల్లది చిన్న వేషం, పెళ్లికూతురి చెలికత్తె. గుంపులో పాడుతూ పాడుతూ ఒక్కచోట ఒంటరిగా పాడుతుంది. యాడికీ అన్నకూ నాకూ పాసులు పంపింది. చూసేవాళ్లు హుందాగా తయారై రావాలని ఫోన్‌లో వచ్చిన ఆహ్వానంలో ఉంది.

ఆ ఒక్క మాటతో ఇంట్లో గొడవ మొదలైంది. అన్న తండాకు సర్పంచ్‌గా చేసినవాడు. పది మందిలో తడబడని మనిషి. ఆ ఆహ్వానం చూసినప్పటి నుంచి అన్నం సరిగ్గా తినలేదని వదిన చెప్పింది. బయల్దేరే రోజు కారు మాట్లాడుకుని యాడిని ఎక్కించుకుని మధ్యాహ్నానికి జనగామలో మా ఇంటికి వచ్చాడు. యాడి ఎప్పటిలాగే ఎర్ర పావడాలో దిగింది. అన్న చేతిలో ఒక బట్టల దుకాణం సంచి ఉంది. దాంట్లోంచి గోధుమరంగు పట్టుచీర తీసి మంచం మీద పెట్టాడు.

"యాడీ, ఈ ఒక్కనాడు ఇది కట్టుకో. చెల్లె కట్టిస్తది" అన్నాడు.

యాడి చీరకు పక్కనే మంచం మీద కూర్చుంది. దాన్ని ముట్టుకోలేదు. "నేను ఎవ్వలనో అడుగుతరని సిగ్గయితాందా బిడ్డా?" అంది.

"సిగ్గు కాదు, భయం" అన్నాడు అన్న. "వరంగల్ల హాస్టల్ల ఉన్నప్పుడు నువ్వు నన్ను చూడ వచ్చినవ్. యాదికున్నదా? నువ్వు పోయినంక ఏడాదంత పోరగాళ్లు నేను కనబడితే చాలు నోటితోని గల్లుగల్లుమనిరి. నేను పడ్డ. పడి మర్చిపోయిన. ఇయ్యాల నా బిడ్డ స్టేజీ మీద నిలబడతది. కింద నిన్ను చూసి ఒక్కడు నవ్విండనుకో, అది దానికి ఇనబడతది. దాని గొంతు ఆగిపోతది. నాకు గదే భయం."

యాడి ఆ హాస్టల్ సంగతి అప్పుడే మొదటిసారి విన్నది. ఆమె ముఖం నాకు కనిపించకుండా ఓణీ ముందుకు లాక్కుంది. బయట డ్రైవర్ హారన్ కొట్టాడు. పొద్దు వాలుతోంది. హాలు తలుపులు ఆట మొదలుకాగానే మూసేస్తారని పాసు మీద రాసి ఉంది. నేను చీర మడత విప్పాను. మళ్లీ మడిచాను. ఇద్దరిలో ఎవరి పక్కన నిలబడాలో నాకు తెలియలేదు.

"దాన్నే అడుగుదాం. ఫోన్ కలుపు" అంది యాడి.

మా పిల్ల ఎత్తేసరికి వెనకాల ఎవరెవరో గొంతులు సవరించుకుంటున్నారు. ఫోన్ యాడి చెవి దగ్గర పెట్టాను. మేం ఇంట్లో మా భాషలోనే మాట్లాడుకుంటాం. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"బిడ్డా, మీ నాయిన చీర తెచ్చిండు. నా బట్టలల్ల నేను వస్తే నీకు ఇబ్బందా? నిజం చెప్పు. నువ్వు వద్దంటే నేను మీ అత్తమ్మ ఇంట్లనే పండుకుంట, కోపం చెయ్య."

అన్న కిటికీ వైపు తిరిగాడు.

"బట్టలతోని ఇబ్బంది లేదు దాదీ. చప్పుడుతోని ఉన్నది" అంది పిల్ల. "ఇక్కడ మైకులు పెట్టరు. ఉత్త గొంతుతోనే పాడాలె, ఆఖరి వరుసకు ఇనబడాలె. నేను పాడేటప్పుడు వాయించేటోళ్లు గూడ ఆపేస్తరు. అప్పుడు నీ మువ్వలు మోగినయనుకో, నేను చూపు తిప్పుత. చూపు తిప్పితే శ్రుతి పోతది. గంతే. నువ్వు రాకుంటే మాత్రం నేను పాడ."

యాడి ఫోన్ నా చేతికిచ్చింది. "మైకు లేకుండనా" అని రెండుసార్లు తనలో తాను అనుకుంది. లేచి దేవుని అల్మారా దగ్గరికి పోయి, వత్తుల కోసం పెట్టుకున్న పత్తి పొట్లం తీసుకుంది. పొయ్యి దగ్గర అగ్గిపెట్టె తీసుకుంది. "నడువుండ్రి, ఆలస్యమైతది" అని చీర వైపు చూడకుండా బయటికి నడిచింది. అన్న చీరను సంచిలో పెట్టి చంకలో ఇరికించుకున్నాడు. ఇంకా ఆశ ఉన్నట్టుంది.

కారు కదిలాక ఆమె ఓణీ ఒళ్లో పరిచింది. చిటికెడు పత్తి తీసి ఉండలా నలిపి, మువ్వ నోట్లో పెట్టి, అగ్గిపుల్ల వెనక కొసతో లోపలికి దోపింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. మోగలేదు. ఇంకోటి అందుకుంది. నేను పావడా నడుముకు వేలాడే మువ్వల గొలుసులు పట్టాను. మువ్వలు అన్నేసి ఉన్నాయని అప్పటిదాకా నాకు తెలియదు. కారు గతుకుల్లో పడినప్పుడల్లా పుల్ల జారి మొదటికొచ్చేది. రాయగిరి దాటినా సగం కాలేదు. నా వేళ్లు చెమటపట్టి పత్తి అంటుకుపోతోంది. ముందు సీట్లో అన్న తల తిప్పకుండా కూర్చున్నాడు. ఘట్‌కేసర్ దగ్గర లారీల వెనక ఇరుక్కుని ఆగిపోయినప్పుడు చేయి వెనక్కి చాచాడు. "కొన్ని ఇటియ్యి యాడీ" అన్నాడు. ఆమె ఓణీ ఒక కొంగు సీటు మీంచి ముందుకు అందించింది. ఆ తర్వాత హాలు వచ్చేదాకా ముగ్గురం పత్తి దోపుతూనే ఉన్నాం.

తలుపు దగ్గర నల్లకోటు వేసుకున్న కుర్రాడు యాడిని చూడగానే చేయి అడ్డం పెట్టాడు. "ఆర్టిస్టులు వెనక గేటు నుంచి వెళ్లాలండి. జానపదం ప్రోగ్రాం ఇక్కడ కాదు" అన్నాడు. వెటకారం లేదు, నిజంగానే అలా అనుకున్నాడు. వెనక వరుసలో ఎవరో చిన్నగా నవ్వారు. అన్న మెడ మీద నరం ఉబ్బటం చూశాను. ముందుకు అడుగేయబోయాడు. యాడి అతని మణికట్టు పట్టుకుంది.

"నేను ఆడేటందుకు రాలే బిడ్డా, ఇనేటందుకు వచ్చిన" అని తెలుగులో కుర్రాడికి చెప్పింది. "లోపట నా మనుమరాలు పాడుతది."

నేను పాసులు చూపించాను. కుర్రాడి ముఖం ఎర్రబడింది. ఇంతలో లోపలి నుంచి అక్కడి పెత్తనమంతా చూస్తున్నట్టున్న ఒకావిడ వచ్చింది. యాడిని పైనుంచి కిందికి చూసి మర్యాదగానే అంది: "అమ్మా, మీ డ్రెస్ చాలా బాగుంది. కానీ శబ్దం చేస్తే పాడేవాళ్లకు కష్టం. దయచేసి ఒకసారి నడిచి చూపిస్తారా?"

వరుసలో అందరూ చూస్తున్నారు. యాడి అన్న చేయి వదిలి, గాజులు కదలకుండా చేతులు ఒంటికి ఆనించి నున్నటి గచ్చు మీద ఆ చివరిదాకా నడిచింది. తిరిగి వచ్చింది. బట్ట నేలను రాసుకున్న సవ్వడి తప్ప ఏమీ లేదు. ఆవిడ పక్కకు జరిగి దారి ఇచ్చింది. మేం కూర్చోగానే దీపాలు ఆర్పేశారు.

కథ నాకు సగమే అర్థమైంది. యాడిని చూడటమే సరిపోయింది. గాజులు ఒకదానికొకటి తగలకుండా రెండు చేతులూ మోకాళ్ల మీద ఎడంగా పెట్టి, బొమ్మలా కూర్చుంది. దగ్గు వస్తే గొంతులోనే మింగింది. రెండో భాగంలో పెళ్లికూతురు వెళ్లిపోయే ఘట్టం వచ్చింది. వాద్యాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మా పిల్ల ముందుకు వచ్చింది. నోరు తెరవబోతుండగా నా కాలి దగ్గర ఏదో తెల్లగా రాలింది. పత్తి ఉండ. ఓణీ కొసన ఒక మువ్వ నోరు తెరుచుకుని వేలాడుతోంది.

నేను వంగేలోపే యాడి చేయి పోయింది. గాజులు తగలనివ్వకుండా మోచేయి ఎత్తి, రెండు వేళ్లతో ఆ మువ్వను ఒత్తి పట్టుకుంది. పిల్ల పాడింది. మైకు లేదు. ఆ గొంతు ఎత్తుకున్న చోట కాకుండా మా వెనక గోడ దగ్గర పుట్టినట్టు వినిపించింది. ఒక్క మాటా తెలియదు. అయినా ఇంట్లోంచి పిల్లను పంపుతున్నప్పుడు గుండెలో ఎక్కడ పట్టుకుంటుందో అక్కడే పట్టుకుంది. యాడి పెదవులు కదులుతున్నాయి. వేళ్లు మాత్రం వదల్లేదు. పాట ముగిసి జనం చప్పట్లు కొడుతుంటే ఆమె నా వైపు వంగింది. "ఢావ్లోనే" అంది. అన్న రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆమె మాకు నేర్పినవాటిలో చాలావరకు మాటలతో నేర్పలేదు. తనను మారమన్నవాళ్ల మీద కోపం తెచ్చుకోలేదు. తనను తాను దాచుకోనూ లేదు. ఎదుటివాడి అవసరం ఏమిటో అడిగి తెలుసుకుని, దానికి కావలసింది ఓపిగ్గా చేసింది. అలాంటి మనిషి కడుపున పుట్టినందుకు కృతజ్ఞత తప్ప నా దగ్గర వేరే మాట లేదు.

ఆట అయ్యాక మా పిల్ల ఆ వేషంతోనే బయటి మెట్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. నేలమీద జీరాడే నీలం గౌను. దాదీని కావలించుకుని ఏడ్చింది. యాడి ఆమె వీపు నిమురుతూ నిమురుతూ కిందికి చూసింది. గౌను అంచు ఒకచోట ఊడి వేలాడుతోంది.

"రేపు మల్ల ఇదే తొడుగుతవా?" అని అడిగింది. పిల్ల తలూపింది. యాడి మెట్టు మీద కూర్చుంది. రవిక లోపలి నుంచి సూదీ దారం తీసి, నీలం అంచును ఒళ్లోకి లాక్కుంది. అన్న ఆమె పక్కన గొంతుకూర్చుని ఫోన్ లైటు పట్టాడు. కోట్లు వేసుకున్నవాళ్లు, పట్టుచీరలవాళ్లు మాకు రెండు పక్కలా చీలి కిందికి దిగిపోతున్నారు. పిల్ల ఒక చేయి దాదీ తల మీద ఆనించి కదలకుండా నిలబడింది. ఎర్ర పావడా అద్దాల మీద పడ్డ వెలుగు చుక్కలు చుక్కలుగా ఆ నీలం గౌను మీద వణుకుతుంటే, యాడి తల వంచి ఒక్కో కుట్టూ దగ్గరగా వేస్తూ పోయింది.